ఊ కొట్టినవాడు

కళ్యాణదుర్గం సంతలో నేను కథ ఎత్తుకుంటే బస్సులు కదిలేవి కావు. డ్రైవరు దిగొచ్చి జనంలో నిలబడేవాడు, కండక్టరు టికెట్ల సంచి సంకలో పెట్టుకొని నోరు తెరిచేవాడు. ఒకసారి నా చిరుతపులి కథ విని గొర్రెల కాపరి ఒకడు మందను వెనక్కి తిప్పుకొని మడకశిర దాకా పరిగెత్తినాడు. నమ్మనివాళ్ళు మా ఎర్రబండపల్లికి వచ్చి అడగండి. ఓబులేసు అంటే తెలియనివి మా వైపు కోళ్ళు, కుక్కలు మాత్రమే. కుక్కలకు కూడా కొంత తెలుసు.

అట్లాంటి నేను ఏడాదికి ఒక్క పొద్దు నోరు కట్టేసుకొని నిజం చెప్పేవాణ్ణి. పెద్దల అమావాస్య పొద్దు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఆ ఏడు పోయినవాళ్ళ బతుకు ఎట్లాంటిదో అమావాస్య నాడు దీపాలు పెట్టే వేళకు చావిట్లో కూర్చొని ఒకడు చెప్పాలి. ఏం కష్టపడినారు, ఎవరికి సాయం పోయినారు, ఏ కూర ఇష్టంగా తిన్నారు, అన్నీ. వినేవాళ్ళు తలా ఒక చింతగింజ నాలుక కింద పెట్టుకొని కూర్చోవాలి. కథ అనేసరికి మనకు ఊ కొట్టడం అలవాటు కదా. ఆ పొద్దు బతికున్నవాళ్ళు ఊ కొట్టకూడదు. ఆ ఊ పోయినవాళ్ళది.

ఉన్నదున్నట్టు చెప్తే ఎక్కడో ఒక చోట వీధి చివర నుంచి ఊ అని వస్తుంది. ఖాళీ కుండలో గాలి దూరినట్టు, సన్నగా. అంతటితో ఆ మనిషి విన్నట్టు, తృప్తిపడి వెళ్ళిపోయినట్టు. ఒక్క మాట పెంచి చెప్తే మాత్రం రాదు. మా నాయన చెప్పేటప్పుడు విన్నాను, ఆయన తర్వాత నేను చెప్తూ విన్నాను. భయం ఉండేది కాదు. మనవాళ్ళే కదా.

రెండువేల మూడు. వరుసగా ఎన్నో కరువో లెక్క మరిచిపోయిన ఏడు. శెనక్కాయ చెట్టు జానెడు లేవకముందే మాడిపోయింది. బోర్లలో నీళ్ళకు బదులు దుమ్ము వచ్చేది. పనికోసం సగం ఊరు బెంగళూరు దారి పట్టింది. మా ఎదురింటి కుళ్ళాయప్ప అంతకు రెండేళ్ళ ముందే అట్లా పనికి పోయినాడు. తోడు పోయినవాళ్ళు తిరిగొచ్చినారు. వాడు రాలేదు. ఒక జాబు లేదు, ఒక కబురు లేదు. వాడి పెళ్ళాం లక్ష్మక్క, చిన్న కూతురు హేమ ఆ ఇంట్లో ఉండేవాళ్ళు.

అమావాస్య నాటి ఉదయం కుళ్ళాయప్ప అన్న నారాయణ మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"మామా, ఈసారి మా తమ్మునిది గూడా చెప్పు."

"వాడు పోయినాడని ఎవరు చెప్పిరి నీకు?"

"దానికే చెప్పమనేది. ఊ వస్తే పోయినట్టు. తెల్లారి గాజులు తీయించి ఆయమ్మను పుట్టింటికి పంపిస్తాం. రాకుంటే నేను మళ్ళా ఆ మాటెత్తను."

పెద్దమనుషులు సరే అన్నారు.

మధ్యాహ్నం లక్ష్మక్క వచ్చింది. గడప బయటే నిలబడింది.

"మామా, నువ్వు నోరు తెరిస్తే ఎలుక ఏనుగవుతాదంట గదా."

"అంటనా? అవుతాది."

"ఈ పొద్దు ఆయప్పను ఏనుగును చెయ్యి."

అర్థమయ్యింది. పెంచి చెప్తే ఊ రాదు. ఊ రాకపోతే ఆమె గాజులు ఆమె చేతికే ఉంటాయి, ఆమె ఇల్లు ఆమెకే ఉంటుంది. ఇంత తెలివైన మాట మా పెద్దమనుషులకు ఒక్కనికీ తట్టదు.

"యాడనో బతికే ఉండాడు మామా," అంది పోతూ. "ఉండాడులే."

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. చావిట్లో ఒక్క లాంతరు. బయట అమావాస్య చీకటి, శెనక్కాయ పొట్టు కాలుతున్న వాసన, గాలికి ఎర్రదుమ్ము. జనం చింతగింజలు నోట్లో వేసుకొని వరసగా కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే వెనక గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

ముందు తిప్పయ్యను చెప్పినాను. బావులు తవ్విన మనిషి. ఊళ్ళో సగం బావులకు ఆయన చెమట తగిలింది. ఉప్పు మనిషి. ఎవరింట్లో ఏం పెట్టినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని "ఉప్పు చాల్లేదు" అనేవాడు. రాళ్ళ ఉప్పు రొంటిన మూట కట్టుకొని తిరిగేవాడు. అక్కడికి రాగానే వీధి చివర నుంచి వచ్చింది... ఊ. ఆయన కోడలు కళ్ళు తుడుచుకుంది.

తర్వాత వెంకటలక్ష్మమ్మ. మంత్రసాని. ఈ ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పడినవాళ్ళే. ఎవరింటికి పోయినా వాకిట్లో చెంబు అడిగి కాళ్ళు తడుపుకొని గాని గడప దాటేది కాదు. నిదానంగా, ముందు ఎడమకాలు, ఆగి, తర్వాత కుడికాలు. నీళ్ళు లేని కరువులో కూడా మానలేదు. ఊ... అదీ వీధి చివర నుంచే.

ఇంక కుళ్ళాయప్ప.

నిజం కుళ్ళాయప్ప ఎట్లాంటివాడంటే, బల్లిని చూస్తే మంచమెక్కేవాడు. ఎడమచేతి వాటం. పడుకుంటే పక్కన తప్పెట కొట్టినా లేచేవాడు కాదు. అది పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాను. లక్ష్మక్క నన్నే చూస్తోంది.

"కుళ్ళాయప్ప అంటే ఎవరనుకున్నారు. గుట్ట మీద చిరుత మీద పడితే కట్టె గూడా లేకుండా కుడిచేత్తో దాని గొంతు పట్టినాడు. ఎడమ భుజం మీద నాలుగు గోళ్ళు దిగినా వదల్లేదు..."

"ఊ."

వీధి చివర నుంచి కాదు. నా వెనక నుంచి.

నా వెనక గోడ. నా వీపు గోడకే ఆని ఉంది.

జనం వైపు చూసినాను. నారాయణ నోట్లోంచి చింతగింజ తీసి అరచేతిలో పెట్టి చూపించినాడు. నేను కాదు అన్నట్టు. ఒక్కొక్కరే చూపించినారు. అందరి చేతుల్లో తడి గింజలు లాంతరు వెలుగుకు మెరిసినాయి. లక్ష్మక్క రెండు చెవులూ మూసుకొని తల వంచుకుంది.

ఊ పడిన కథను మధ్యలో ఆపకూడదని మా నాయన చెప్పేవాడు. సరే, ఇది అబద్ధమని తెలియక కొట్టి ఉంటుంది, ఇంకా పెద్దది వేస్తే తగ్గుతుంది అనుకున్నాను. అబద్ధంలో నన్ను మించినవాడు లేడు కదా.

"నిద్రంటే తెలీని మనిషి. పంట కాపలాకు కూచుంటే తెల్లవార్లూ కన్ను రెప్ప కొట్టేవాడు కాదు. కంట్లో దుమ్ము పడినా కొట్టేవాడు కాదు..."

"ఊ."

ఈసారి దగ్గరగా. ఆత్రంగా. అన్నం తినని పిల్లోడు కథకు కొట్టినట్టు.

నా మెడ మీద ఊపిరి తగిలింది. చల్లగా... ఆ ఊపిరిలో తడిమన్ను వాసన. మొదటి వాన పడినప్పుడు వస్తుందే, అది. మా ఊరు ఆ వాసన చూసి ఏళ్ళయింది.

నాలుక దానంతట అది తిరిగింది. ఏం చెప్తున్నానో నాకే తెలియలేదు.

"చావా... చావు వాణ్ణి చూసి పక్కకు తప్పుకుంటాది. పోయినోళ్ళను గూడా చెయ్యి పట్టుకొని ఇంటికి తోడుకొచ్చే మొగోడు వాడు."

లాంతరు వత్తి చిటపటమంది.

అప్పుడు నా కుడిచెవి పక్కన, గుసగుసగా...

"ఆ తర్వాత?"

"అంతే," అన్నాను. "అయిపాయ."

జనం లేచి పోయినారు. చావిడి మెట్ల దగ్గర నారాయణ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది మా తమ్ముడు కాదు మామా. మావానికి అంత గొంతు లేదు. నేను ఆ మాట మళ్ళా ఎత్తను."

లక్ష్మక్క గాజులు నిలబడినాయి. ఓబులేసు మాట నిలబడింది. ఆ రాత్రి అట్లా అనుకొని దుప్పటి ముసుగు పెట్టినాను. నిద్ర మాత్రం రాలేదు.

కార్తీకం పోతుండగా ఒక సాయంత్రం, బస్సు రాని వేళ, గుట్ట దారిలోంచి కుళ్ళాయప్ప నడిచి వచ్చినాడు.

ఊరు ఊరంతా పోగయ్యింది. నారాయణ తమ్ముణ్ణి వాటేసుకొని ఏడ్చినాడు. ఏమప్పా, యాడికి పోయింటివి, మనిషి మారిపోతివే అని అందరూ అడుగుతుంటే వాడు నవ్వుతున్నాడు. మనిషి నిజంగానే మారినాడు. భుజాలు విరిచి నిలబడినాడు. గొంతు పెద్దదయ్యింది. లక్ష్మక్క కాళ్ళకు నీళ్ళిచ్చింది. స్నానానికి చొక్కా విప్పినాడు.

ఎడమ భుజం మీద నాలుగు గీతలు. పాతబడిన గాయం. గోళ్ళు దిగినట్టు.

"అదేంది కుళ్ళాయప్పా?" అన్నారెవరో.

"చిరుత," అన్నాడు. జనం మీదుగా నన్ను చూసినాడు. "మామ చెప్పలేదా? ఆయప్ప చెప్పినంత బాగా నేను చెప్పలేను."

అన్నం కుడిచేత్తో తిన్నాడు.

నేను పిరికివాణ్ణి కాదు. మరుసటి పొద్దున్నే వాడింటికి పోయినాను. అబద్ధం లోపలికి తెచ్చినదాన్ని నిజం బయటికి పంపుతుంది అనుకున్నాను. వాడి ఎదురుగా కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పినాను. కుళ్ళాయప్ప బల్లికి జడిసేవాడు. ఎడమచేతి వాటం. పడుకుంటే తప్పెటకు కూడా లేచేవాడు కాదు. తొలిముద్ద ఎద్దుకు పెట్టి తాను తినేవాడు.

ఊ కొడతాడేమో అని ఆగినాను. వాడు శ్రద్ధగా విన్నాడు. గోడ మీద బల్లి పాకి వాడి చేతి దగ్గరికి వచ్చింది. చెయ్యి తీయలేదు.

"పాపం," అన్నాడు చివరకు. "ఎవరు మామా అట్లాంటోడు? మనూరోడేనా?"

నేను మాట్లాడుతున్నంతసేపూ వాడు ఒక్కసారి కూడా కన్ను ఆర్పలేదు.

ఇంటికొచ్చి ఆ పొద్దు నుంచి కథలు మానేసినాను. సంతకు పోవడం లేదు. నన్ను కథ అడిగే పిల్లలను తరిమేస్తున్నాను. నోట్లోంచి ఏ మాట పెద్దదైతే ఏం వస్తుందో ఎవరికి తెలుసు. అందుకే చెప్తున్నా, ఇక్కడి నుంచి ఒక్క మాట పెంచడం లేదు.

నిన్న పొద్దు గుంకే వేళ లక్ష్మక్క వచ్చింది. మనిషి సగమైంది. చేతికి గాజులున్నాయి, కిందికి జారిపోతున్నాయి. నా పక్కన కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పండుకోడు మామా. హేమ పక్కన కూచోని తెల్లవార్లూ దాన్నే చూస్తాంటాడు. రెప్ప కొట్టడు. బిడ్డ గోడ దిక్కు తిరిగి పండుకుంటాది, వీపు మీద చూపు తగులుతాంది అంటాది."

నేను ఎదురింటి వైపు చూసినాను.

"మా ఆయప్ప వచ్చినాడని ఊరంతా సంబరపడె. నేను ఎవరితో చెప్పుకోల్ల?"

"బిడ్డను తీసుకొని మీయమ్మ కాడికి పో," అన్నాను. "రేప్పొద్దున బస్సుకే పో."

"పోతాననే వానితో చెప్తి. పోదువులే గానీ ఈ పొద్దు సంగటి ఎక్కువ గెలకమన్నాడు. ఇంకో ఇద్దరు వస్తారంట." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఒగరికి ఉప్పు ఎక్కువ కావల్లంట. ఇంగొగరికి వాకిట్లో చెంబుడు నీళ్ళు పెట్టమన్నాడు."

ఆమె ఇంకా దగ్గరికి జరిగింది.

"ఆ పొద్దు కడాకు ఏం చెప్పినావు మామా? నేను చెవులు మూసుకోనుంటి. ఏం చెప్పినావు?"

నోరు తెరిచినాను. ఎదురింటి నుంచి వాడు పిలిచినాడు, "ఏమే, పొద్దుపోతాంది." బిడ్డ ఆ ఇంట్లోనే ఉంది. ఆమె లేచింది. కొంగు దులుపుకొని, వెనక్కి చూడకుండా వీధి దాటి పోయింది.

తలుపు గడియ పెట్టినాను. ఎదురిల్లు కాబట్టి తలుపు సందులోంచి చూడొచ్చు. చూడలేదు. విన్నది మాత్రం చెప్తాను.

చెంబు బండ మీద పెట్టిన చప్పుడు. నీళ్ళు పోసుకున్న చప్పుడు, నిదానంగా... ఒక కాలికి... ఆగి... రెండో కాలికి. తర్వాత లోపల నుంచి ఒక ముసలి గొంతు, విసుగ్గా, నాకు బాగా తెలిసిన గొంతు.

"ఉప్పు చాల్లేదమ్మా."

వస్తారని తెలిసినవాళ్ళే అని గుండె గట్టి చేసుకున్నాను. ఇంక అయిపోయిందనుకున్నాను.

చెంబు మళ్ళీ బండకు తగిలింది. నీళ్ళ చప్పుడు. కొంచెం ఆగి మళ్ళీ ఇంకోసారి. ఆ వెనక ఇంకా ఎవరెవరో వరసలో నిలబడినట్టు, మట్టిలో కాళ్ళు రాసుకుంటున్న చప్పుడు... నా తలుపు దాకా.

ఇద్దరని గదా లక్ష్మక్క చెప్పింది.