కింద పడ్డా ఆరదు

కరెంటు పోయింది.

ఒక్క ఇంట్లో కాదు, ఒక్క వీధిలో కాదు. గుట్ట గుట్టంతా ఒక్కసారిగా చీకటైపోయింది.

ఆ చీకట్లో సర్వే అక్క పరిగెడుతోంది.

ముందు వ్యాన్ చప్పుడు... వెనక ఒక తల్లి ఏడుపు. మధ్యలో ఇరుకు సందు, మురిక్కాలువ, ఆరేసిన బట్టలు. బట్టల తాడు మెడకు తగిలింది. పడబోయి గోడ పట్టుకుంది. చెప్పు తెగింది. వదిలేసింది.

ఒంటి చెప్పుతో సందు చివరికి వచ్చేసరికి వ్యాన్ లేదు. రోడ్డు మీద డీజిల్ వాసన మిగిలింది, అంతే.

మూడో పిల్ల!

ఈ నెలలో మూడో పిల్లని ఎత్తుకుపోయారు.

వ్యాన్ ఎవరిదో గుట్ట మీద అందరికీ తెలుసు. మేస్త్రీది. కుట్టుమిషన్ల పని ఇప్పిస్తానని మొదట్లో ఆడపిల్లల్ని అడిగి తీసుకెళ్ళేవాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోయేసరికి తల్లులు పంపడం మానేశారు. ఇప్పుడు అడగడం లేదు, ఎత్తుకుపోతున్నాడు. చూశామని చెప్పేవాళ్ళు మాత్రం లేరు. సరిహద్దు దాటి వచ్చిన రోహింగ్యాలకు పోలీస్ స్టేషన్ మెట్లంటే మేస్త్రీకన్నా భయం.

సర్వే అక్క ఫోన్ తీసింది. స్టేషన్‌లో ఎత్తినతను జీపు వేరే డ్యూటీ మీద ఉందన్నాడు, వస్తే పంపుతామన్నాడు. మొన్నా అదే మాట.

"దొరికిందా అక్కా?"

వెనక నుంచి రొప్పుతూ వచ్చాడు తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు, దుబాసీ. ఆ వచ్చినవాళ్ళలోనే ఒకడు. ఇక్కడి భాష ఇట్టే పట్టేశాడు. అక్కా అక్కా అంటూ వెంట తిరుగుతుంటే ఆమెకూ తమ్ముడని పిలవడమే అలవాటైంది.

"లేదు. మేడ మీదకి పద. అక్కణ్నుంచి బండి లైట్లు కనపడతాయి."

వాళ్ళు పనిచేసే ఆఫీసు గుట్ట అడుగున, రోడ్డు పక్కనే. మూడంతస్తుల మేడ. సాయంత్రమయ్యాక లోపల పురుగు కూడా ఉండదు. ఇద్దరూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నారు.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నదే. గుట్ట మీద ఊరివాళ్ళ మధ్య రేకుల గదుల్లో ఎక్కడెక్కడ ఎవరు తలదాచుకున్నారు, ఎందరున్నారు, ఏం కావాలి... ఇల్లిల్లూ తిరిగి ట్యాబ్‌లో ఎక్కించాలి. రెండేళ్ళుగా ఎక్కిస్తోంది. ఏ గదిలో ముసలాయనకు ఆయాసమో, ఏ గదిలో చంటిబిడ్డకు పాలు చాలడం లేదో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

వాళ్ళ భాష మాత్రం రాదు. వచ్చినవి మూడే ముక్కలు. ఎందరున్నారు? ఏం కావాలి? మళ్ళీ వస్తాను. వాటితోనే నెట్టుకొస్తోంది. మిగతాదంతా తమ్ముడి నోటి మీద నడుస్తుంది.

మేడ పైకి వచ్చింది. పిట్టగోడ పట్టుకుని చూసింది.

గుట్ట కాటుక పులిమినట్టుంది. ఆ నలుపులో అక్కడక్కడా తెల్లటి చుక్కలు. ఇరవైకి పైనే ఉంటాయి.

సోలార్ లైట్లు... ఆమె ఇప్పించినవే!

ఒక్క క్షణం గర్వపడింది కూడా, పాపం. ఆ లైట్ల కోసం ఎంత పోరిందో! మగదిక్కు లేని ఇళ్ళలో ఏం కావాలని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. రాత్రిళ్ళు భయం. నిధులేమో అందరికీ చాలవు. అయితే ఆ ఇళ్ళకే ఇద్దామని పట్టుబట్టింది. నాసిరకం సరుకేమోనని పెద్దసారు నసిగితే, టేబుల్ అంచు నుంచి లైటును నేలమీదకు తోసేసింది. దొర్లింది గానీ వెలుగుతూనే ఉంది. "కింద పడ్డా ఆరదు సార్" అంది. సారు నవ్వి సంతకం పెట్టాడు.

మగదిక్కు లేని ఇళ్ళకే...

ఆమె చెయ్యి పిట్టగోడ మీద బిగుసుకుంది.

కరెంటు ఉన్నప్పుడు ఏ కిటికీ అయినా ఒకటే. కరెంటు పోయిందా... ఊరివాళ్ళ ఇళ్ళు చీకటి. మగాళ్ళున్న ఇళ్ళు చీకటి. వెలిగేవి ఇవే!

ఏ ఇంట్లో అడ్డుపడే మగాడు లేడో, కింద రోడ్డు మీద నిలబడ్డ ఎవడికైనా కనపడుతుంది.

మొదటి పిల్ల పోయిన రోజూ కరెంటు లేదు. రెండో పిల్ల పోయిన రోజూ లేదు. లైన్‌మన్ చెయ్యి తడిపితే చాలు, అరగంట చీకటి కొనుక్కోవచ్చు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కాకపోతే గోకింది తన తల కాదు, వాళ్ళది. ఇంటింటికీ గుర్తు పెట్టి వచ్చింది తనే!

ఒక్కో చుక్కనే చూసుకుంటూ పోయింది.

ఆ చుక్కల్లో ఒకటి తెల్లగా లేదు. ఎర్రగా ఉంది.

పిచ్చుక!

పన్నెండేళ్ళ పిల్ల. ఎప్పుడూ కిచకిచమంటుందని సర్వే అక్కే ఆ పేరు పెట్టింది. ఇంట్లో అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. తెల్ల వెలుతురుకు ముసలావిడ కళ్ళు నీళ్ళు కారుతుంటే లైటుకు ఎర్ర ప్లాస్టిక్ కవరు చుట్టింది. కుళాయి దగ్గర ఊరివాళ్ళతో కొట్లాడి కొట్లాడి ఇక్కడి భాష నేర్చుకుంది, తిట్లతో సహా. ఒకరోజు ప్రశ్నలన్నీ అయిపోయాక బుగ్గన వేలు పెట్టుకుని, మరి నీకేం కావాలి అక్కా అని అడిగింది. రెండేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి అదొక్కతే. సర్వే అక్కకు ఆ పిల్లంటే ప్రాణం.

"తమ్ముడూ! లైట్లు... లైట్లు చూసి వస్తున్నాడు వాడు!"

తమ్ముడు ఆమె వైపు తిరగలేదు. గుట్ట వైపు చూస్తున్నాడు.

కరెంటింకా రాలేదంటే వాడి పని అవలేదు, మళ్ళీ వస్తాడు. పరిగెత్తి అందరికీ చెప్పే టైమ్ లేదు. ఒకటే దారి, వాయిస్ మెసేజ్. ఇంటికో ఫోన్ ఉంది, అందరికీ కలిపి ఒక గ్రూపుంది. దొంగ మెసేజ్‌లు వస్తున్నాయని ఆమే ఒక పద్ధతి పెట్టింది. మొదట తన గొంతు వినపడాలి. ఆ తర్వాతే తమ్ముడు వాళ్ళ భాషలో చెప్పాలి. తన గొంతు లేకపోతే నమ్మొద్దని ప్రతి గడపకూ తిరిగి చెప్పించింది.

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను, సర్వే అక్కని."

ఫోన్ అతని చేతికిచ్చింది. "లైట్లు ఆర్పి తలుపులు గడియ పెట్టుకోమను. ఎవరు పిలిచినా తియ్యొద్దను."

తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తున్నాడు... చెప్తూనే ఉన్నాడు. మెసేజ్ వెళ్ళాక ఫోన్ తిరిగిచ్చాడు.

అంత పొడుగెందుకని అడిగింది. మా భాషలో మర్యాద ఎక్కువ అక్కా అన్నాడు. నవ్వలేదు. వ్యాన్ మళ్ళీ వస్తే నంబరు చూస్తానని, పైనుంచి కనిపెట్టి ఫోన్‌లో చెప్తుండమని మెట్ల వైపు వెళ్ళాడు. జాగ్రత్తరా అంది వెనక నుంచి.

మెట్ల తలుపు దభాలున మూసుకుంది.

ఆమె గుట్ట వైపే చూస్తోంది.

ఒకటి ఆరింది!

ఇంకొకటి. ఆ పక్కన రెండు. కిటికీల్లో చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

ఎర్రది కూడా.

హమ్మయ్య! పిట్టగోడకు ఆనుకుంది. ఏడుపొచ్చింది. బతికారు. పిచ్చుక బతికింది.

అప్పుడు...

సందులో ఒక చుక్క వెలిగింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. అది కదులుతోంది. దాని వెనక ఇంకొకటి. పక్క సందులో మూడు. లైట్లు ఆరలేదు. గడప దాటాయి! గుట్ట మీద నుంచి కిందకు, రోడ్డు వైపు, బారుగా దిగుతున్నాయి. వాటి మధ్య ఎర్రగా ఒకటి, ఊగుతూ.

రోడ్డు మలుపులో, హెడ్‌లైట్లు ఆర్పుకుని వ్యాన్ నిలబడి ఉంది.

ఫోన్ నొక్కింది. వెంటనే ఎత్తాడు.

"తమ్ముడూ, వాళ్ళు బయటికొస్తున్నారు. ఏం చెప్పావు?"

"కొండచరియ విరిగి పడేలా ఉందన్నాను. లైటు పట్టుకుని పిల్లలతో రోడ్డు మీదకు రండి, అక్క బండి పంపిందన్నాను."



"ఎందుకురా?"

"మొదటి రోజు నన్నూ సర్వే చేశావు, గుర్తుందా? ఏం కావాలని అడిగావు. చెల్లెలు కావాలన్నాను. పడవ దిగిన రాత్రి తప్పిపోయింది, వెతికి పెట్టమన్నాను."

గుర్తుంది. తిండి, నీళ్ళు, మందులు, గది, లైటు. ట్యాబ్‌లో ఉన్న గడులు అవే. చెల్లెలికి గడి లేదు. 'ఇతరములు' నొక్కి తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది.

"మీ దగ్గర దానికి గడి లేదక్కా. మేస్త్రీ దగ్గర ఉంది. చెల్లెలి ఫొటో చూపించాడు. వ్యాన్ నిండితే వదుల్తానన్నాడు. లైట్ల సంగతి వాడికి చెప్పింది నేనే. ఇప్పుడు నీకు తెలిసిపోయింది, రేపట్నుంచి నువ్వు ఆర్పించేస్తావు. నాకు ఇవాళొక్కటే ఉంది."

"వదుల్తాడనే నమ్మావా?"

"నువ్వు వెతుకుతావని రెండేళ్ళు నమ్మాను."

ఫోన్ కట్ అయింది.

మెట్ల తలుపు దగ్గరకు ఒక్క ఉరుకు ఉరికింది. లాగింది. తన్నింది. అవతల గడియ పడి ఉంది! మూడంతస్తుల ఎత్తు. దూకితే తన ఎముకలు విరుగుతాయి, వాళ్ళ ప్రాణాలు దక్కవు.

మళ్ళీ పిట్టగోడ దగ్గరకు వచ్చి గొంతు చించుకుంది.

"రావద్దు! వెనక్కి పొండి!"

ఫ్యాను లేదు, టీవీ లేదు. నిశ్శబ్దంలో ఆ కేక గుట్టంతా పాకింది. లైట్లు ఆగాయి.

ఆగి... ఇంకా వేగంగా దిగసాగాయి!

అది సర్వే అక్క గొంతు. ఆ గొంతు వినపడితేనే నమ్మమంది ఆమే కదా. అక్క పిలుస్తోంది, త్వరగా రమ్మంటోంది! అనుకున్నారు వాళ్ళు.

వాళ్ళ భాషలో అరవాలి. ఏమని? ఎందరున్నారు? ఏం కావాలి? మళ్ళీ వస్తాను. రెండేళ్ళలో వెయ్యి గుమ్మాలు తొక్కింది. 'వద్దు' అనే ఒక్క మాట నేర్చుకోలేదు.

ముందు నడుస్తున్న లైటుకు, వ్యాన్‌కు మధ్య ఇక నాలుగిళ్ళ దూరం.

"పిచ్చుకా!"

ఎర్ర లైటు ఆగింది.

"పిచ్చుకా! అది మేస్త్రీ బండి! లైట్లు ఆర్పి వెనక్కి పొమ్మని చెప్పు! మీ వాళ్ళకు చెప్పవే తల్లీ!"



తర్వాత ఒక సన్నటి గొంతు లేచింది. కుళాయి దగ్గర బిందెల చప్పుడును మించి అరిచే గొంతు! ఆ మాటలు ఆమెకు అర్థం కాలేదు. కానీ ఎర్ర లైటు పక్కనున్న తెల్ల లైటు ఆరింది.

వెనకది ఆరింది. ఇంకొకటి... ఇంకొకటి. చీకట్లో అడుగుల చప్పుడు పైకి మళ్ళుతోంది.

ముందున్నవాళ్ళు మాత్రం నమ్మలేదు. నడుస్తూనే ఉన్నారు.

ఎర్ర లైటు కిందకు దూసుకొచ్చింది.

"వద్దు! నువ్వు రావద్దు! నీది ఆర్పెయ్!"

పిచ్చుక ఆర్పలేదు. చీకట్లో ఎవరో అరిస్తే నమ్మేదెవరు? మొహం కనపడాలి. లైటు మొహం దగ్గర ఎత్తి పట్టుకుని, ముందున్న ఆడవాళ్ళకు అడ్డం వెళ్ళి నిలబడింది. కసురుతోంది, తోస్తోంది. ఒక లైటు ఆరింది. రెండోది. చివరిది.

గుట్ట మీద చీకటి. ఆ చీకట్లో వెలిగేది ఒక్కటే, ఎర్రగా.

వ్యాన్ హెడ్‌లైట్లు భగ్గుమన్నాయి.

మేస్త్రీ గొంతు బూతులు తిడుతోంది. ఆ వెనకే తమ్ముడి గొంతు, ఇక్కడి భాషలో, బతిమాలుతూ... చెల్లెలు... చెల్లెల్ని ఇవ్వన్నా... తలుపు తెరిచిన చప్పుడు.

"అక్కా! అందరూ వెళ్ళిపోయారు!" పిచ్చుక కేకేసింది. ఆ వెంటనే వ్యాన్ వైపు తిరిగి ఒక తిట్టు తిట్టింది. కుళాయి దగ్గర నేర్చుకున్న తిట్టు, స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

సర్వే అక్కకు ఏడుపులో నవ్వొచ్చింది.

"పరిగెత్తవే..."

ధన్! వ్యాన్ దగ్గర తుపాకీ పేలింది.

ఎర్ర లైటు కింద పడింది. వాలులో రెండు పల్టీలు కొట్టి, మురిక్కాలువ గట్టున ఆగింది.

ఆరలేదు.