సగంలో తెగిన మాట

కంప్యూటర్ తెర మీద ఎర్ర పెట్టె మళ్లీ లేచింది. "ముప్పును తొలగించాము." ముప్పంటే ఇంకేమీ కాదు, పగిడయ్య భార్య రక్తపరీక్ష రిపోర్టు. సుమేరా తల పట్టుకుంది.

మణుగూరులో ఆమె పనిచేసే ల్యాబ్‌కు వానాకాలం వస్తే బెంచీలు చాలవు. అడవి ఊళ్ల నుంచి జ్వరాలతో జనం వస్తారు. ఈ యాంటీవైరస్ మహాతల్లి పెట్టినప్పటి నుంచి ఒక్క రిపోర్టూ సవ్యంగా బయటికి రావడం లేదు.

"ఇంకెంతసేపు బిడ్డా?" అన్నాడు పగిడయ్య.

"కంప్యూటర్‌కే జరం వచ్చింది తాతా. జర కూర్చో."

దాన్ని అంటగట్టినవాడు మోయిజ్. ఖమ్మంలో కంప్యూటర్ షాపు. మొదటిసారి ఫోన్లోనే సుమేరా అతన్ని కడిగేసింది.

"వైరస్ ఉన్నా గింత గోస పెట్టదు. ఏం సామాన్ అమ్మిన్రండీ?"

"మాఫ్ చేయండి మేడం. నేనే చూస్త."

అక్కడి నుంచే ఆన్‌లైన్లో ఆమె కంప్యూటర్లోకి వచ్చి బాగుచేసేవాడు. ల్యాబ్ గదిలో ఫోన్ సిగ్నల్ నిలవదు కాబట్టి ఇద్దరూ నోట్‌ప్యాడ్‌లో టైపు చేసుకునేవాళ్లు.

"తిన్నారా?" అని అతను.

"మీ పుణ్యమా అని ఇంకా లేదు" అని ఈమె.

ఒళ్లు అలిసిపోయిన రోజుల్లో తెర మీద మౌస్ బాణం దానంతటదే కదులుతుంటే, ఎవరో తన పనిలో చెయ్యి వేసినట్టు ఆమెకు హాయిగా ఉండేది. ఆ చెయ్యి ఆమెకు నచ్చింది.

ఇంతలో పాల్వంచ సంబంధం వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి జవాబు చెప్పమంది అమ్మీ గులాబ్ బీ. సుమేరా ఆ సంగతి మోయిజ్‌కు టైపు చేసేసింది.  తెర మీద మెల్లగా అక్షరాలు వచ్చాయి.

"మీకు ఇష్టమైతే మా అమ్మీని..."

అంతే. అతను తెర మీద నుంచి మాయమయ్యాడు. మళ్లీ రాలేదు, ఫోనూ చేయలేదు. ధైర్యం చాలక పారిపోయాడనుకుంది సుమేరా. రాత్రుళ్లు ఏడ్చింది కూడా. అప్పటి నుంచి రిపేరుకు అదే షాపు నుంచి రమణ అనే ఇంకొకతను ఆన్‌లైన్లో వస్తున్నాడు.

ఈరోజే ఆ శుక్రవారం. పొద్దున్నుంచి రమణే కంప్యూటర్లోకి వచ్చి చూస్తున్నాడు.

వాన జల్లు కొడుతున్న వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. రమణ.

"ఏంది మేడం, పని నడుస్తుంటే మధ్యల కట్ చేసిన్రు?"

"నేను ముట్టుకోనే లేదు."

"ఇక్కడ గట్లనే చూపిస్తుంది, అవతలివాళ్లే కట్ చేసిన్రని. మోయిజ్ అన్నకు కూడా ఒకపారి గట్లనే అయింది. ఇగ నేను పోను, నువ్వు చూడు అన్నడు."

సుమేరా కిటికీలోంచి చూసింది. తెర మీద అదే ఎర్ర పెట్టె. బయటి నుంచి వచ్చినవాడిని దొంగ అనుకొని గెంటేసింది యాంటీవైరస్. ఆ రోజు మోయిజ్‌నూ అదే గెంటింది.

సిగ్గుపడే ఓపిక కూడా లేదామెకు. మోయిజ్‌కు ఫోన్ చేసింది.

"ఆ రోజు కట్ చేసింది నేను కాదు. మీరు అమ్మిన యాంటీవైరస్."



"నేను నచ్చలేదేమో అనుకున్న. మళ్లీ ఫోన్ చేసి సతాయించొద్దనుకున్న."

"నేనేమో మీరు భయపడ్డరనుకున్న. ఆ మాట పూర్తి చేయండి. సాయంత్రం అమ్మీకి జవాబు చెప్పాలె."

"మా అమ్మీని మీ ఇంటికి పంపుదామనుకున్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆమెను తీసుకొని నేనే బస్సెక్కుత. మీకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకుంటే ఈ వానల నిలబడి ఫోన్ చేస్తనా?"

ఆమె లోపలికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, వాన వంకతో తుడుచుకుంది.

"కంప్యూటర్ బాగైందా బిడ్డా?"

"లేదు తాతా." తెల్లకాగితం తీసి రిపోర్టు చేత్తో రాసిచ్చింది. "మలేరియా లేదు, ఉత్త జరమే. డాక్టర్ ఏమన్నా అంటే నా పేరు చెప్పు."

సాయంత్రం గులాబ్ బీ గుమ్మంలోనే అడిగింది.

"జవాబేది?"

సుమేరా చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఎన్నాళ్ల అలసటో ఒక్కసారిగా దిగినట్టయింది.

"బస్సులో వస్తుంది అమ్మీ. నలుగురికి చాయ్ పెట్టు."