ఖాళీ గడిలోని కస్టమర్

అచ్చుల మేస్త్రిని పట్టపగలే చంపేశారు.

వినికిడి మిషన్లు అమ్మే దుకాణం వెనక, కార్లు నిలిపే చోట, తన కారులోనే స్టీరింగ్ మీద తల వాల్చి కునుకు తీస్తున్నట్టున్నాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రటి చుక్క. ఇంకే గాయమూ లేదు. ఒళ్లో పడున్న ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ ఫోన్‌లో అతను చివరిసారి మాట్లాడింది చీమతో.

ఆమె అసలు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరూ వాడరు. వేలు పట్టేంత సందుంటే చాలు, ఎంత కట్టుదిట్టమైన చోటికైనా దూరిపోతుందని ఆ పేరు పెట్టింది గూఢచారి విభాగాన్ని నడిపే పెద్దాయనే. వినికిడి మిషన్ సరిగ్గా అమరేలా చెవి అచ్చులు పోసే ఆ మేస్త్రిని ఇన్‌ఫార్మర్‌గా కుదుర్చుకున్నది చీమే. "నీకేం కాదు, నాదీ పూచీ" అని అతని భార్య ఎదుట మాటిచ్చిందీ చీమే.

"వాడేమన్నాడో పొల్లుపోకుండా చెప్పు," అన్నాడు పెద్దాయన.

బ్రీఫింగ్ గదిలో ముగ్గురే ఉన్నారు. టేబుల్ అవతల పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు సరిహద్దు దాటుతుంటే ఓ తూటా ఆయన కుడి చెవి తమ్మెని సగం కోసుకుపోయింది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆ కథ ఆయనే చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ తూటా కాస్త లావెక్కుతుంది. ఇవతల చీమ. గోడకి ఆనుకుని ఆమె జోడీ ఏజెంటు నత్త. మనిషి చురుకే, మాటే నత్తనడక.

"మా దుకాణం నుంచి ఒక చెవి మిషన్ బయటికెళ్లింది మేడమ్ అన్నాడు సార్. బ్యాటరీ పక్కన బాంబు. లోపలే టైమర్. ఇవాళ మధ్యాహ్నం పేలుతుంది. పెట్టుకున్న మనిషికి తెలీదు. మిషన్ నంబరు చివర డెబ్బై నాలుగు, పేరు కంప్యూటర్లో... అన్నాడు. అక్కడితో ఆగిపోయింది."

"విదేశీ ముఠా పనే. అంత ఖర్చు పెట్టి ఊరూపేరూ లేనివాడి చెవిలో పెట్టరు. ఎవరో గట్టి మనిషి," అన్నాడు పెద్దాయన. "ఆ కంప్యూటర్లో వేల మంది కస్టమర్లు. ఒక్కో రికార్డూ తిప్పుకుంటూ పోవాలి తప్ప వెతుక్కునే ఏర్పాటు లేదట. సెర్చ్ పెట్టించడానికి ఓనరు ఒక కంపెనీకి చెప్పాడు. ఆ కంపెనీ మనిషి ఇవాళ రాడు. నువ్వెళ్తున్నావు."

"దుకాణం మీద దాడి చేస్తే?"

"పోలీసు జీపు ఆగేలోపే కంప్యూటర్ నుజ్జునుజ్జు చేస్తారు. లోపల మన మనిషి ఉంది. కౌంటర్ మేనేజర్, కోడ్ నేమ్ నెమలి. అటూ ఇటూ రెండు పడవల్లో కాళ్లు పెట్టిన మనిషి. ఇప్పటిదాకా మన పడవలోనే బరువెక్కువ. నమ్ము. కాఫీ ఇస్తే మాత్రం తాగకు."

"తెలిసింది సార్."

"మధ్యాహ్నం శాఖల అధిపతులందరితో నాకు మీటింగ్. ఫోన్లు బయటే పెట్టేస్తాం. ఏదున్నా కింద కంట్రోల్ రూమ్‌లో నత్తకి చెప్పు. నేను బయటికొచ్చేలోపు ఆ పేరు నా టేబుల్ మీదుండాలి."

*

లావు కళ్లద్దాలు, మెడలో కంపెనీ కార్డు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. కళ్లద్దాల కాడలో మైకు, చెవి వెనక ఎముకకి ఆనేచోట స్పీకరు. చీమ దుకాణం తలుపు తోసింది.

కౌంటర్ వెనక నెమలి నిలబడి ఉంది. పేరు పెట్టినవాడికి కళ్లున్నాయి. ముదురాకుపచ్చ పట్టుచీర, మెడ తిప్పినప్పుడల్లా మెరిసే లోలాకులు, ఆమె కన్నా రెండడుగులు ముందే వచ్చి పలకరించే సెంటు.

"బయట వానొచ్చేలా ఉందండీ," అంది చీమ.

"మా గొడుగుకి రెండు చిల్లులున్నాయి," అని నవ్వింది నెమలి. కోడ్ సరిపోయింది. "లోపలికి రండి మేడమ్, మిషను వెనకగదిలో ఉంది."

వెనకగదిలో ఓ మూల అద్దాల తలుపున్న బూత్ ఉంది. వినికిడి పరీక్షలు చేసే చోటు, శబ్దం బయటికీ పోదు, లోపలికీ రాదు. దాని పక్కన బల్ల మీద పాత డెస్క్‌టాప్. చీమ డేటాబేస్ తెరిచింది. ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో. ఫోన్ నంబర్ల మధ్య ఒకరు గీత పెట్టారు, ఒకరు ఖాళీ వదిలారు. మిషన్ నంబరు ముందు ఎవరికి తోచిన అక్షరాలు వాళ్లు తగిలించారు. ఇందులో ఉన్నదున్నట్టు వెతికితే దొరికేది శూన్యం.

చకచకా ఓ ఫారం కట్టింది. పైన నాలుగు గడులు: పేరు, ఫోను, చిరునామా, మిషన్ నంబరు. పక్కన 'వెతుకు' అని ఓ బటన్. కింద ఫలితాలు వచ్చే జాబితా. వెనకాల వెతికే సూత్రం, అంటే క్వెరీ, రాసింది. గడిలో టైపు చేసినదానికి ముందొక నక్షత్రం గుర్తు, వెనకొక నక్షత్రం గుర్తు. అంటే ఆ ముక్క మాటకి ముందున్నా, చివరున్నా, నడుమున్నా పట్టుకోమని. గడి ఖాళీగా వదిలేస్తే, అక్కడ ఏమున్నా పరవాలేదని.

"ఎవరికోసం?" నెమలి ఆమె భుజం మీదుగా వంగింది.

"ఇంకా తెలీదు."

"మేస్త్రి మంచివాడు పాపం," అంది నెమలి. గొంతులో తడి ఉంది. కళ్లలో లేదు.

చీమ మిషన్ నంబరు గడిలో డెబ్బై నాలుగు కొట్టి బటన్ నొక్కింది. ఎనిమిది మంది వచ్చారు.

"నత్తా, రాసుకో," అని గుసగుసగా చదివింది. ఒక దర్జీ, ఒక రిటైరైన బస్సు కండక్టరు, పెళ్లి కుదిరిన ఒక టీచరమ్మ, పోర్టులో క్రేను నడిపే ఆయన, ఇంకో నలుగురు. ఊరంతా కార్లు పరుగెత్తాయి. చీమ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. ఒక్కో కబురూ చెవి వెనక స్పీకర్లో పడుతోంది.

"దర్జీ... మిషన్ విప్పాం. శుభ్రం."

"కండక్టరు... తిట్టాడు. మిషన్ శుభ్రం."

క్రేను ఆయన్ని ఎత్తునుంచి దింపేసరికి ఆలస్యమైంది. అదీ శుభ్రమే. ఎనిమిదీ శుభ్రమే.

"చీమా," అన్నాడు నత్త. "పెద్దాయన మీటింగ్‌లోకి వెళ్లిపోయాడు. మేస్త్రి... అంకె తప్పు విన్నాడేమో?"

చీమ అంకెలు తిప్పేసి నలభై ఏడు కొట్టి చూసింది. ఎవరెవరో వచ్చారు. మేస్త్రి అంకె తప్పు వినడు. వినికిడి మిషన్ల నంబర్లు చేత్తో చెక్కిన మనిషి. అతని భార్య మొహం కళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఎక్కడో ఓ మనిషి, ఎవరి కన్నతండ్రో, ఎవరి పెద్దక్కో, చెవిలో చావు పెట్టుకుని అన్నం తింటూ ఉంటారు. తన ముందున్న ఈ డబ్బాలో ఆ పేరుంది. ఉండీ లేదు. సముద్రం ఒడ్డున కూర్చుని దాహంతో చచ్చినట్టుంది ఆమె పరిస్థితి.

నెమలి కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "తాగు. మొహం పీక్కుపోయింది."

"చల్లారనీ."

పాలుపోక, చేతులు ఊరుకోక, చీమ నాలుగు గడుల్లో ఉన్నదంతా చెరిపేసి, ఖాళీ ఫారం మీదే 'వెతుకు' నొక్కింది. ఏమీ అడక్కపోతే అందరూ రావాలి కదా. వచ్చారు. ఊరికే కింద కనిపించే మొత్తం అంకె చూసింది. కస్టమర్లందరి వివరాలూ ఉన్న అసలు టేబుల్ తెరిచి, దాని కింద ఉన్న అంకె చూసింది.

రెండూ ఒకటి కాదు. సెర్చ్‌లో జనం తక్కువున్నారు.

అందర్నీ రమ్మంటే రానివాళ్లెవరు? టేబుల్లో కిందికి జరిపింది. ఒకడికి ఫోన్ గడి ఖాళీ. ఇంకొకామెకి చిరునామా ఖాళీ. రానివాళ్లంతా వాళ్లే!

తప్పు తనదే. నక్షత్రం గుర్తు 'ఏమున్నా పరవాలేదు' అంటుంది నిజమే. కానీ ఏదో ఒకటి ఉండాలి. ఎవరూ ఏమీ రాయని గడి యంత్రం లెక్కలో సున్నా కాదు, 'తెలియదు'. తెలియనిదాన్ని దేనితో పోల్చినా అది ఔననదు. ఔననని వాళ్లని లోపలికి రానివ్వదు. డెబ్బై నాలుగు నంబరున్నా సరే, ఫోన్ రాయని పాపానికి ఆ మనిషిని తన ఫారమే గుమ్మంలో ఆపేసింది!

దాక్కోవాలనుకున్న మనిషి చేసే మొదటి పని ఏమిటి? గడులు ఖాళీగా వదలడం.

"నత్తా, ఇంకొకరున్నారు," అంది పైకే.

అంతే, గదిలో లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. కంప్యూటర్ మాత్రం ఆరలేదు. బల్ల కింద ముసలి యూపీఎస్ కీచుకీచుమని ఏడవడం మొదలెట్టింది.

నెమలి మెయిన్ స్విచ్ దగ్గరనుంచి వెనక్కి తిరిగింది. చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన రంగు లేదు, సన్నటి సూది ఉంది.

"కాఫీ తాగుంటే హాయిగా పోయేదానివి."

"మేస్త్రిని నువ్వేనా?"

"వాడు వినకూడనిది విన్నాడు."

"చెవుల దుకాణంలో వినడం కూడా తప్పేనా?"

"నా పడవ మారింది చీమా. అవతలి ఒడ్డున ఇల్లు బాగుంది."

నెమలి మీదికి దూకింది. చీమ చక్రాల కుర్చీని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది పోయి నెమలి మోకాళ్లకి తగిలింది. సూది చీమ భుజం మీదున్న బ్యాగు పట్టీలో దిగి విరిగింది. పట్టుచీర కుచ్చిళ్లు కుర్చీ చక్రంలో చిక్కుకున్నాయి. చీమ రెండు చేతులతో కుర్చీని, నెమలిని కలిపి బూత్‌లోకి తోసి, అద్దాల తలుపు మూసి బయట గడియ పెట్టింది. నెమలి లోపల అరుస్తోంది. నోరు తెరుచుకోవడం, మెడ నరాలు ఉబ్బడం కనిపిస్తోంది. ఒక్క ముక్క వినపడదు.

యూపీఎస్ కీచులు దగ్గరపడ్డాయి. చీమ కీబోర్డు లాక్కుంది. క్వెరీలో ప్రతి గడి పేరు పక్కనా ఒక ఉత్త మాటని, అక్షరాలు లేని మాటని, అతికించింది. ఇప్పుడు ఖాళీ గడి 'తెలియనిది' కాదు, 'ఏమీ లేనిది'. యంత్రానికి ఏమీ లేనిది కూడా ఏదో ఒకటే. ఒక చోట కామా బదులు చుక్క పడింది. తప్పని మొరాయించింది. దిద్దింది. డెబ్బై నాలుగు. వెతుకు.

తొమ్మిది పేర్లు.

తొమ్మిదోది: 'సంగీతం మాస్టారు.' ఫోన్ లేదు. చిరునామా లేదు. రికార్డు తెరిచింది. కింద రిమార్కుల గడిలో మేస్త్రి స్వయంగా టైపు చేసిన మాటలు: 'కుడి చెవి. తమ్మె సగం లేదు, పాత గాయం. అచ్చు ప్రత్యేకంగా పోయాలి. బయటికి కనపడకూడదట. ఇంట్లో కూడా చెప్పొద్దన్నారు.'

తెర నల్లబడింది.

పెద్దాయనకి చెవుడు! ఆ సంగతి బయటపడితే కుర్చీ ఎక్కడ పోతుందోనని దొంగపేరుతో వచ్చి మిషన్ కొనుక్కున్నాడు. ఎవరూ గుర్తుపట్టలేదనుకున్నాడు, అందుకే బాంబు తన చెవిలోనే ఉంటుందన్న అనుమానమూ రాలేదు. కౌంటర్లో నెమలి గుర్తుపట్టింది.

"నత్తా! పెద్దాయన! కుడి చెవిలో! పరుగెత్తు!"

"పెద్దాయన... చెవిలో... ఏముంది?"

"బాంబు! మాటలాపి మెట్లెక్కు!"

జీవితంలో మొదటిసారి నత్త జవాబివ్వలేదు. బూట్ల చప్పుడు, ఎగశ్వాస, ఎవరో గార్డు అడ్డంపడటం, తలుపు భళ్లున తెరుచుకోవడం. చీమ కళ్లద్దాల కాడని చెవికేసి అదుముకుంది.

"ఏమిటిది? ఎవరు రమ్మన్నారు నిన్ను?" పెద్దాయన గొంతు.

"సార్... మీ చెవిలో మిషన్... తీసెయ్యండి."

ఆ గదిలో ఎనిమిది శాఖల అధిపతులు ఆయన వంకే చూస్తున్నారని చీమకి ఇక్కడినుంచే తెలుస్తోంది.

"మిషనా? నాకా? నావి పాము చెవులయ్యా! అవతలి వీధిలో చిల్లర పడ్డా వినపడుతుంది. పో బయటికి!"

"చీమా, ఆయన ఒప్పుకోవట్లేదు," అన్నాడు నత్త ఏడుపుగొంతుతో.

"చచ్చినా ఒప్పుకోడు! చెవి పట్టుకు లాగు!"

"పెద్దాయన చెవినా?"

"లాగరా!"

కుర్చీ పడిన చప్పుడు. ఓ గావుకేక. కిటికీ అద్దం పగిలింది. ఆ వెంటనే చీమ చెవి వెనక ఎముకలో పిడుగు పడ్డంత మోత, ఆపైన ఏమీ లేదు.

"నత్తా?"

ఏమీ లేదు.

"నత్తా! రేయ్, పలకరా!" ఆమె గొంతు తనకే కొత్తగా ఉంది.

"ఉన్నా," అన్నాడు నత్త చాలాసేపటికి. "కిటికీ బయట... ఎండిపోయిన నీళ్లతొట్టిలో పడి పేలింది. తొట్టి లేదు. మేమందరం ఉన్నాం."

చీమ బల్ల మీద తల వాల్చేసింది. అద్దం అవతల నెమలి కూడా ఊరటతో సడలిన ఆమె భుజాలు చూడగానే సంగతి గ్రహించినట్టుంది. అరవడం మాని, నేల మీద కూలబడి, చక్రంలో చిక్కుకున్న చీర లాక్కుంటోంది.

సాయంత్రం చీమ మేస్త్రి ఇంటికెళ్లింది. పూచీ పడ్డ మనిషిగా ఏం చెప్పాలో దారంతా వెతుక్కుంది, దొరకలేదు. గుమ్మంలో కూర్చున్న అతని భార్య కూర్చోమన్నట్టు పక్కకి జరిగింది. చీమ ఆ జాగాలో కూర్చుంది. "ఎంతమంది బతికారమ్మా?" అని అడిగిందామె. "ఆ గదిలో ఉన్న పది మందీ అక్కా, ఆయన రాసిపెట్టిన మాటల వల్ల," అంది చీమ. ఆమె తలూపి, అప్పుడు ఏడ్చింది. చీమ ఆమె చెయ్యి వదల్లేదు.

నెమలి చెప్పిన పేర్లతో ముఠా మొత్తం ఆ వారంలోనే పట్టుబడింది. పెద్దాయన మాత్రం రిపోర్టులో చెవుడు అన్న మాట ఎక్కడా రాయనివ్వలేదు, కొత్త మిషన్ కొననూ లేదు. డిపార్ట్‌మెంటులో సెలవు కావాల్సినవాళ్లంతా ఆయన కుడిపక్క నిలబడి మెల్లిగా అడగడం మొదలెట్టారు. ఏమడిగారో వినపడక, వినపడలేదని ఒప్పుకోలేక, ఆయన అందరికీ "సరే, కానివ్వు" అంటున్నాడు.