పోట్లాడుకోని జంట

డ్యామ్ గేట్ల ఇంజినీరును ఉదయం బోట్ క్లబ్ మెట్ల మీద కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు కాబట్టి, పక్కన గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లకు కూడా చప్పుడు వినబడలేదు. గేట్ల దగ్గర కొత్త ముఖాలు తిరుగుతున్నాయని ఆయన ముందురోజే గూఢచారి డిపార్ట్‌మెంటు చీఫ్‌కు ఫోన్ చేశాడు.

డిపార్ట్‌మెంటులో అందరూ 'చిటపట' అని పిలిచే ఏజెంటు క్లబ్బు వెనక గదిలో చీఫ్ ముందు నిలబడ్డాడు.

"విదేశీ ముఠా. పెడల్ బోటులో టైమ్ బాంబు. గేటుకు ఆనించి పేలుస్తారు. ఏ బోటో తెలీదు. ఇవాళే," అన్నాడు చీఫ్.

"అయితే రిజర్వాయర్ ఖాళీ చేయించండి సార్."

"చేయిస్తే జారుకుంటారు. జనం ఉంటేనే వస్తారు."

"జనాన్ని ఎరగా వేశారా?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "నీకు టూరిస్టు కవర్ కావాలి కదా. మీ అక్కకీ పిల్లలకీ ఫ్రీ పాసులు పంపించాం. గేట్ల వైపే ఉన్నారు."

చిటపటకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్న బల్ల ఎత్తి చీఫ్ నెత్తిన వేయాలనిపించింది. అంత తీరిక లేక పళ్లు కొరుక్కుంటూ బయటికి నడిచాడు.

ఎన్నో రాజ్యాలు పుట్టి మునిగిన నది అది. ఇప్పుడు దాని మీద హంస బొమ్మల పెడల్ బోట్లు, వాటి వెంట ఐస్‌క్రీమ్ కప్పులు తేలుతున్నాయి.

జెట్టీ మీద నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫుతో ఒకామె ఎదురైంది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ నెమలి.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగాడతను.

"దిగినవాళ్లను అడగాలి."

కోడ్ సరిపోయింది. "ఎర్ర బోటు. ఆ మూల, చెట్ల నీడలో," అంది నెమలి.

అతను తన కళ్లద్దాల జూమ్ తిప్పాడు. ఎర్ర బోటు ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. మొగుడు అటు తొక్కమంటున్నాడు, పెళ్లాం ఇటంటోంది. మిగతా బోట్లలోనూ ఇదే రామాయణం. నీలం బోటు ఒక్కటే గేట్ల వైపు తిన్నగా పోతోంది. అందులోని జంట ఒక్క మాటైనా అనుకోకుండా సమంగా తొక్కుతోంది.

మొగుడూ పెళ్లాం పెడల్ బోటు ఎక్కి పోట్లాడుకోకపోవడం అతను బుద్ధెరిగాక చూడలేదు. వీళ్లకు ట్రైనింగ్ ఇచ్చినవాడు బ్రహ్మచారి అయి ఉంటాడు.

నెమలి చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. అతను మణికట్టు పట్టి మెలిపెట్టాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చెక్కల మీద పడింది.

"ఇంజినీరును చంపింది నువ్వా?"

"ఆ బోటును ఇక అందుకోలేవు," అని నవ్విందామె. ఆ నవ్వుకు అతని రక్తం మరిగింది. ఆమెను రెయిలింగుకు సంకెల వేసి రెస్క్యూ స్పీడ్ బోటులోకి దూకాడు.

అతను చేరేలోపే జంట నీలం బోటును గేటు గొలుసుకు తగిలించి నీళ్లలోకి దూకేసింది. ఆ పక్కనే అక్క బోటు ఉంది.

"ఏంట్రా ఆ స్పీడు? పిల్లలు తడిసిపోతున్నారు," అని అరిచింది అక్క.

"వెనక్కి తొక్కక్కా. తర్వాత తిడుదువుగాని."

తమ్ముడి ముఖం చూసి అక్క బోటు వెనక్కి తిప్పింది. బలమంతా పెట్టి తొక్కింది. అతను గొలుసు తప్పించి, నీలం బోటుకు తాడు కట్టి, బోట్లు లేని నడిమధ్యకు లాక్కుపోయాడు. టైమర్ ఆఖరి అంకెల్లో ఉండగా తాడు కోసి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి దూరంగా దూసుకుపోయాడు.

నీళ్లు ఆకాశానికి లేచాయి. స్పీడ్ బోటు తలకిందులైంది. అతను పైకి తేలి ముందు అక్క బోటు కోసం చూశాడు. చిన్నది ఏడుస్తోంది, పెద్దవాడు చప్పట్లు కొడుతున్నాడు. అప్పుడు గాని అతనికి ఊపిరి ఆడలేదు.

రెస్క్యూ వాళ్లు ఈదుతున్న జంటను పట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ, తప్పు నీదంటే నీదని పోట్లాడుకుంటున్నారు.

జెట్టీ మీద చీఫ్ చేయి చాచాడు. "శభాష్. ప్లాన్ పక్కాగా పనిచేసింది."

చిటపట ఆ చేయి అందుకోలేదు. తడిసి ముద్దయి వస్తున్న అక్క వైపు తిరిగాడు.

"అక్కా, బాంబు ఉందని తెలిసే మీకు పాసులు పంపింది ఈ చీఫ్ గారే."

అక్క పిల్లల్ని తమ్ముడికి అప్పగించి ముందుకు కదిలింది. ఎన్ని ముఠాలొచ్చినా జంకని చీఫ్, గట్టు మీదే నిలబడి కూడా లైఫ్ జాకెట్ కోసం వెతుక్కున్నాడు.