సైరన్ మోగితే కూర్చోవాలి

ఆదివారం పొద్దున్నే రాజేశ్వరరావు క్వార్టర్ వరండాలో కూర్చుని చేతి సైరన్‌కు నూనె పోస్తున్నాడు. కొండ మీద బండలు పేల్చే ముందు, అందరూ తప్పుకోవాలని పిడి తిప్పి మోగించే పాత సైరన్ అది. గని తుక్కులో పడుంటే అడిగి తెచ్చుకుని బాగుచేశాడు. ఇరవై ఆరేళ్లుగా కిరండూల్ ఇనుప గని కాలనీ ఫుట్‌బాల్ జట్టంటే అతనికి ప్రాణం. ఇన్నాళ్లూ గోల్ వెనక నూనె డబ్బా వాయించేవాడు. ఈసారి సైరన్. అమ్మాయిల జట్టు ప్రాక్టీసులో వారం రోజులు మోగించాడు కూడా.

భార్య అప్పలనరసమ్మ టీ గ్లాసు ఠక్కున పెట్టింది. "ఏటయ్యా, ఇయాల అవతల గోల్‌లో నిలబడేది నీ కూతురు. గురుతుందా?"

"ఉంది. కాలనీలో పుట్టి కాలనీ మీదే ఆడతాదా? ఆ గీదం ఊరి జట్టులోకి ఎల్లమని నానేటన్నా సెప్పానా?"

"కాలనీ దాన్ని ఆడనిచ్చిందేటి? రెండేళ్లు బెంచీ మీద కూకోబెట్టి సాబుగారమ్మాయికి గ్లవుసులు తొడిగారు. అప్పుడు నీ నోరెక్కడ పెట్టావు?"

యూనియన్ గేటు మీటింగులో మైకు అక్కర్లేని గొంతు అతనిది. కూతురి దగ్గరకొచ్చేసరికి ఆ గొంతుకి తాళం పడింది. అతని ప్రమోషన్ కాగితం అప్పట్లో గని ఆఫీసరైన ఆ సాబు బల్ల మీదే ఉంది మరి.

"ఫ్రెండ్లీయే కదే! సీజన్ వచ్చే నెల. ఇది లెక్కలోకి రాదు."

"నీకు రాదు. ఆ గీదం కోచ్ పార్వతి మేడం ఇయాల ఆట సూసే సీజన్‌లో మెయిన్ గోలీ మన బుజ్జో, వాళ్ల ఇంకో గోలీ లక్కేనో తేలుస్తాదంట. సైరన్ ఇంటికాడ ఉంచు."

"ఉంచుతాన్లే," అన్నాడు. గొడుగు కింద దాచి పట్టుకెళ్లాడు.

వాన వెలిసి మైదానం ఎర్రటి బురదగా ఉంది. బుజ్జి గీదం గోల్‌లో నిలబడింది. పక్కకి దూకి ఒక బంతి ఆపింది. రాజేశ్వరరావు భేష్ అనబోయి ఆగాడు, ఒంటి మీద కాలనీ జెర్సీ ఉంది కదా. మరో బంతి కాలనీ పిల్ల కాలి నుంచి బయటికి పోతే అయ్యో అన్నాడు, వెంటనే సిగ్గేసింది. ఎటు చూసినా ద్రోహం చేస్తున్నట్టే ఉంది. సైరన్ మీద గొడుగు కప్పి, దాని మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆట ఆఖరికొచ్చింది. ఇద్దరికీ గోల్ లేదు. కాలనీకి కార్నర్ దొరికింది.

"రావుగారూ, మోగించండి!" జనం అరిచారు. చెయ్యి పిడి మీదకి ఎప్పుడు పోయిందో తెలీదు. సైరన్ కొండ దాకా ఏడ్చినట్టు మోగింది.

బుజ్జి ఉన్నచోటే చతికిలబడింది. రెండు చేతులతో తలా ముఖమూ కప్పుకుంది. బంతి ఆమె ముందే పడి, దొర్లుకుంటూ వలలోకి పోయింది.

"గోల్!" రాజేశ్వరరావు గెంతాడు. అందరికంటే గట్టిగా అతనే అరిచాడు.

ఆ తర్వాత చూశాడు. జనం నవ్వుతున్నారు. సైరన్ మూలుగు పూర్తిగా ఆగేదాకా ఆ పిల్ల తల మీంచి చేతులు తియ్యలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. బుజ్జికి నాలుగేళ్లప్పుడు వాళ్లు కొండ కింద గుడిసెల్లో ఉండేవారు. ఒకరోజు పేలిన రాయి వచ్చి, పిల్లకి బారెడు దూరంలో వాకిట్లో పడింది. ఆ రోజు నుంచి నోటితో సైరన్ కూతలు కూసి మరీ నేర్పాడు. ఎక్కడున్నా కూర్చో, తల కప్పుకో, కూత ఆగేదాకా లేవకు. లేస్తే బెత్తంతో కొట్టాడు.

సాయంత్రం బుజ్జి ఇంటికొచ్చి, తిరిగి గీదం వెళ్లడానికి సంచి సర్దుకుంది. తండ్రి వైపు చూడలేదు.

"సైరన్ పట్టుకెల్లావా, లేదా? మాటిచ్చి పట్టుకెల్లావా, లేదా?" అప్పలనరసమ్మ అతని మీద విరుచుకుపడింది.

"ఫ్రెండ్లీయే కదా అని..."

"నాన్నా," అంది బుజ్జి. "గోలు పోయినందుకు కాదు. గోలు పడగానే నువ్వు గెంతావు. నాను సేతి ఏళ్ల సందులోంచి సూశాను."

రాజేశ్వరరావు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "నన్ను తిట్టవే. కొట్టవే," అన్నాడు.

"తిడితే మేడం లిస్టు మారతాదా?"

అతను లేచాడు. చెప్పుల్లేకుండానే, సైరన్ పట్టుకుని మైదానానికి పరిగెత్తాడు. గీదం జీపు బయల్దేరబోతోంది. అందరి ముందూ చేతులు జోడించాడు. "మేడం, గల్తీ నాది. నేర్పింది నేనే, మోగించింది నేనే. రెండేళ్లు ఇక్కడి జట్టు కమిటీ ముందు నోరు విప్పనోణ్ణి కూడా నేనే."

పార్వతి మేడం జీపు దిగింది. "సమజయింది భయ్యా. కానీ సీజన్‌లో ప్రతి మైదానంలో షోర్ ఉంటది, ఇలాగే అరుపులు, మోతలు. ఇప్పటికి లక్కేనే ముందు. ఈ పిల్ల ఆ భయం దాటనీ, మళ్లీ చూస్తా."

వెనకే వచ్చిన బుజ్జి అంతా విన్నది. సంచి కింద పెట్టి గోల్‌లోకి నడిచింది.

"తిప్పు నాన్నా."

"నా వల్ల కాదే."

"వారం రోజులు వాళ్లకి తిప్పావు కదా. నాకోసం ఒక్కసారి తిప్పలేవా?"

అతను సైరన్ నేల మీద ఆనించాడు. పిడి తిప్పాడు. కూత లేవగానే బుజ్జి మోకాళ్లు వంగాయి, చేతులు తల దాకా లేచాయి. లక్కే జీపులోంచి దూకి వచ్చి బంతి తన్నింది. బుజ్జి పళ్లు బిగించి నిటారుగా నిలబడి, ఆ బంతిని గుండెకి హత్తుకుంది.

రాజేశ్వరరావు సైరన్ వదిలేసి బురదలోకి పరిగెత్తాడు. ఒంటి మీది కాలనీ జెర్సీ విప్పి బుజ్జి ముఖం మీది ఎర్రమట్టి తుడిచాడు. అతని కళ్లు ధారలు కడుతున్నాయి.

"ఇక్కడ నిలబడమ్మా," అన్నాడు. "ఎంత మోగినా నిలబడు. కొండకాడ సైరన్ ఇంటే మాత్రం కూకోవే తల్లీ."