పన్నెండడుగులు పక్కకు

సంతోషమ్మ కూతురి బట్టలు సంచిలో కుక్కుతోంది. నాలుగు చుడీదార్లు, కొబ్బరినూనె సీసా, బైబిలు. దీవెనను రాయచోటిలో పిన్నమ్మ ఇంటికి పంపేస్తే ఆ డ్రిల్లింగు పిల్లోడి గొడవ వదులుతుంది. ఒకటే చిక్కు. బస్సు హైవేకి అవతల ఆగుతుంది. పిల్ల ఆ రోడ్డు దాటాలి.

నీళ్ళ ట్యాంకూ అవతలే ఉంది. డోన్ దగ్గరి ఆ కాలనీ ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ బిందెలతో లారీల మధ్య పరుగెత్తారు. దీవెన నీళ్ళకు వెళ్తే, తిరిగొచ్చేదాకా సంతోషమ్మ రోడ్డు అంచున నిలబడే ఉంటుంది.

చివరికి ఇవతలికి నీళ్ళ పైపు వేయాలని పెద్దలకు దయ కలిగింది. రోడ్డు తవ్వడానికి మాత్రం మనసొప్పలేదు. అంత నున్నని రోడ్డు, గీత పడితే ఎలా? అందుకని మిషను తెచ్చారు. అది అవతల భూమిలో దూరి, రోడ్డు కిందుగా రాడ్లు తోసుకుంటూ, ఇవతల గుర్తు పెట్టిన గుంతలో తేలాలి. పైన చేతిలో పెట్టెతో నడుస్తూ, లోపల డ్రిల్లు ముక్కు ఎక్కడుందో చెప్పడం జయపాల్ పని.

తొలిరోజే తగాదా.

“పాపా, ఆ స్టీలు బిందె దూరం పెట్టు. నా పెట్టె తప్పు చూపిస్తాండాది.”

“నీ పెట్టెనే దూరం పెట్టుకో. నీళ్ళు ఆ పక్కనుండాయి, నేను యాడికి పోవాల?”

మరునాడు దీవెన ప్లాస్టిక్ బిందె తెచ్చింది. అయినా పెట్టె తప్పే చూపించింది.

“ఈ పొద్దు దేనివల్లప్పా?”

“అదే తెలీడం లేదు. ఇంగోసారి ఇట్ల నడువు, చూస్తా.”

ఆమె పది రోజులు నడిచింది. అతను చూశాడు. పదకొండో రోజు డ్రిల్లు గుంతలో తేలలేదు. పన్నెండడుగులు పక్కకు, సంతోషమ్మ వాకిట్లో, కోళ్ళగంప కింద నుంచి బురద చిమ్ముకుంటూ లేచింది. ఇంజనీరు టేపుతో కొలిచి, తల గోక్కుని, పనంతా ప్లాను ప్రకారమే జరిగిందని రాసుకున్నాడు. కాలనీ అంతా నవ్వింది.

అందుకే ఈ సంచి.

జయపాల్ గడప బయట నిలబడ్డాడు, బూట్లనిండా బురద. దీవెన తలుపు చాటు నుంచే అడిగింది.

“పన్నెండడుగులూ పొరపాటేనా?”

“ముందర ఆరడుగులు పొరపాటే.”

సంతోషమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. “ఏమప్పా, ఊరూరా తవ్వి పోయేటోళ్ళు మీరు. నువ్వు పోతే నా బిడ్డ దోవ చూస్తా కూచోవాల్నా?”

“రాడ్డు ఉత్తగా పోదమ్మా. ఈడ పైపు తగిలించుకొని ఎనక్కి పోతాది. పైపు ఈడ్నే నిలుస్తాది. ఆదివారం మా యమ్మను పిల్చుకొని చర్చికాడికి వస్తా.”

“మీ ఊర్లో నీళ్ళు యాడుండాయి?”

“ఇంటి ముందరే కొళాయి.”

“మధ్యలో రోడ్డు?”

“మా ఊరికి రోడ్డే లేదమ్మా. మూడు ఎలక్షన్ల నుంచి ఏస్తామంటాండారు.”

సంతోషమ్మ సంచిలోంచి బైబిలు తీసి గూట్లో పెట్టింది. చుడీదార్లు ఒక్కొక్కటే దండెం మీద వేసింది.

“వాళ్ళు రోడ్డు ఏసేలోపల పెండ్లి కానీయండి” అంది.

ఆదివారం అతను తల్లితో వచ్చాడు. నెల తర్వాత కొళాయి తిప్పారు. నాయకుడు రిబ్బను కత్తిరించి, రోడ్డుకు చిన్న గీత కూడా పడలేదని మైకులో రెండుసార్లు చెప్పాడు. చప్పట్లు మోగాయి.

దీవెన వాకిట్లో తొలి బిందె నింపుతుంటే, సంతోషమ్మ అలవాటు కొద్దీ వెళ్ళి రోడ్డు అంచున నిలబడింది. ఆమె పెద్దకూతురు మహిమ నీళ్ళకని లారీల మధ్య ఆ రోడ్డు దాటబోయి తిరిగి రాలేదు. అది 2022 ఏప్రిల్ పదకొండు, సోమవారం.