ఆళ్లగడ్డలో చెక్కిన ప్రాచీన సత్యం

నంద్యాల బస్టాండు ఎదురుగా, పట్టపగలు పదకొండు గంటలకు, సంజీవయ్య మాస్టారు నిమ్మసోడా సగం తాగి సీసా కింద పెట్టాడు. పక్కనే నిలబడ్డ హెల్మెట్ మనిషి చిల్లర ఇచ్చి బైక్ ఎక్కాడు. బైక్ మలుపు తిరిగేలోపే మాస్టారు బెంచీ మీంచి జారిపోయాడు. ఎండదెబ్బ అన్నారు జనం.

కాదని తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె పేరు సరస్వతి. ఆమె నడిపే నిఘా ఆఫీసుకు బోర్డు లేదు. ముందురోజే ఆ డెబ్బై ఏళ్ల రిటైర్డు హీబ్రూ పంతులు అక్కడికి ఫోన్ చేసి ఏడ్చాడు. "దేవుని భాషలో అబద్ధం రాసిచ్చినా తల్లీ. నన్ను అరెస్టు చేసుకోండి."

మరుసటి ఉదయం, పాణ్యం దాటుతున్న కారులో, ఆమె తన ఏజెంట్ దీవెనకు బ్రీఫింగ్ ఇచ్చింది.

"గల్ఫ్‌లో ఆయిల్ డబ్బుతో కొత్త సిటీ లేస్తోంది. ఇసుకలో అద్దాల టవర్లు, డ్రైవర్ లేని రైళ్లు. పునాది గుంతల్లో మాత్రం మనవాళ్లు. వచ్చే నెల ఆ గుంతలో ఒక పాత శాసనం దొరుకుతుంది. హీబ్రూ. 'ఈ నేల యూదులది' అని. వారానికి పక్క గుంతలో ఇంకొకటి. అరబ్బీ. 'ఈ నేల అరబ్బులది, ఇంకెవరిదీ కాదు' అని."

"వచ్చే నెల దొరికేది మీకిప్పుడే ఎలా తెలుసు మేడమ్?"

"రెండూ ఆళ్లగడ్డలో చెక్కారు కాబట్టి."

దీవెనకు నవ్వొచ్చింది. "ఎవరి పని?"

"'త్రాసు' అని ఒక రింగ్. ఏ దేశానిదీ కాదు. అటు పిచ్చోళ్లకు ఒక రాయి, ఇటు పిచ్చోళ్లకు ఒక రాయి అమ్మింది. ఒకే కేటలాగ్, రెండు పేజీలు. కంటైనర్ ఈ మధ్యాహ్నం బయల్దేరుతుంది. కదలకూడదు. రింగ్ లోపల మన సోర్స్ ఒకతె ఉంది. కోడ్ వర్డ్ ఇదీ..."

దీవెనకు చిన్నప్పుడు సండే స్కూల్లో పాఠం చెప్పింది సంజీవయ్యే. ఆళ్లగడ్డకు పోయే ముందు ఆమె ఆ ఇంటి ముందు కారు ఆపించింది. మాస్టారి భార్య హన్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన ముఖం.

"మ్యూజియానికి అన్నారు పాపా. పాత అక్షరాలు రాసియ్యమన్నారు. నిజం తెలిసినాంక ముద్ద దిగలే ఆయనకు. సమాధికి ఒక రాయి చెప్పిరా. సరేనా? దాని మీదన్నా నిజం రాయించు."

అలా దీవెనకు వేషం దొరికింది. తెల్లచీర, చేతిలో జిప్ కవర్ బైబిల్. కవర్ లోపల బైబిల్ లేదు, పిస్టల్ ఉంది. వాళ్లమ్మకు తెలిస్తే చంపేస్తుంది.

ఆళ్లగడ్డ రోడ్డు పక్కన సీతారాం ఆచారి శిల్పాల షెడ్డు. నలభై ఉలులు ఒకేసారి మోగుతున్నాయి. సగం ముఖం వచ్చిన దేవతలు, పూర్తిగా ముఖం వచ్చిన నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. ఆచారి కనురెప్పల మీద కూడా రాతిపొడి.

"సమాధి రాయి కావాల ఆచారీ."

"ఎవరికి?"

"సంజీవయ్య సారుకు."

ఉలి ఆగింది. "ఆ సారు పోయినాడా? యాడ? మొన్నే గదా ఈడికొచ్చి నేను చెక్కిన అక్షరాలు తడుముకుంటా ఏడ్చె. బాగా రాలేదేమో అనుకుంటి."

"ఆ అక్షరాల్లో ఏముందో నీకు తెల్సునా?"

"నాకేం తెల్సు? కాగితమిస్తారు, చెక్కుతా. ఈ రాయి మీది రాత ఒకరిది, ఆ రాయి మీది ఇంకొకరిది అంట. రెండూ ఒకే బండలో కోసినవే."

అప్పుడే నల్ల కారు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి నలభై ఉలులూ ఒక్కసారి తప్పు దెబ్బ కొట్టాయి. గోధుమరంగు సూటు, నల్లకళ్లద్దాలు, ఎండ తనకు పట్టనట్టు నవ్వు. నేరుగా దీవెన దగ్గరికి వచ్చింది.

"యాగంటి నంది ఇంకా పెరుగుతాందా?" అడిగింది దీవెన.

"పెరుగుతాంది," ముక్కలు ముక్కలుగా, అప్పచెప్పినట్టు వచ్చింది తెలుగు. "చూసేదానికే కాకులు లేవు."

కోడ్ కరెక్ట్. తర్వాత ఇంగ్లీషులో గుసగుస. "టెల్ అవీవ్‌లో నేను తమార్. దుబాయ్‌లో సమర్."

"నిజంగా ఎవరు?"

"ఇన్‌వాయిస్ మీద ఏ పేరుంటే ఆ పేరు. దేశాభిమానం మంచి సరుకు డియర్. ఆయిల్ కన్నా తొందరగా అంటుకుంటుంది. కంటైనర్ పోనీ. పోర్టులో అందర్నీ పట్టుకుందాం."

కదలకూడదని సరస్వతి ఆర్డర్. పోనీయమంటోంది సోర్స్. దీవెన చూపు తమార్ చేతుల మీంచి తీయలేదు.

క్రేన్ వచ్చింది. బెల్టు బిగించేలోపు ఆచారి చిన్న సుత్తి తీసుకుని రాళ్ల దగ్గరికి నడిచాడు. ఆయన షెడ్డులోంచి రాయి కదలాలంటే ముందు మోగాలి. అది వాళ్ల తాతల కట్టుబాటు.

అరబ్బీ రాయి మీద కొట్టాడు. గంటలా మోగింది.

హీబ్రూ రాయి మీద కొట్టాడు. డొల్లగా పలికింది.

"ఆపండ్రా!" అరిచాడు ఆచారి. "ఏందీ ఇది? నేనిచ్చినప్పుడు ఖంగుమనె. ఇప్పుడు పగిలిన కుండ మాదిరి పలుకుతాంది. పాతదనం తెప్పిస్తామని మూడు దినాలు మీ గోడౌన్‌లో పెట్టుకుని మళ్లీ తెస్తిరి. దీని కడుపులో ఏం పెట్టినారు మేడమ్?"

తమార్ నవ్వు పోయింది. దీవెనకు అంతా ఒక్క క్షణంలో కళ్లకు కట్టింది. సోర్స్ ఇన్నాళ్లూ రింగ్ పనే చేసింది. గుంతలో రాయి దొరుకుతుంది. టీవీ కెమెరాల ముందు క్రేన్ ఎత్తుతుంది. రాయి పేలుతుంది. మా సాక్ష్యాన్ని వాళ్లే పేల్చారని ఒకరు రోడ్డెక్కుతారు. ఆ పొగ ఆరకముందే రెండో రాయి బయటికొస్తుంది.

"ఆచారీ, ఈ రాళ్లు పోయే సైటు గుంతల్లో మనోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"మా అల్లుడు లోకేశ్. క్రేన్ తోలుతాండాడు. రాళ్లు బాగా చెక్కినానని ఈ మేడమే పనిప్పించె."

దీవెన తమార్ వైపు తిరిగింది. చెక్కిన చేతికి బహుమానంగా అల్లుణ్ణి గుంతలో పెట్టింది!

తమార్ అప్పటికే ఫోన్ మీద బొటనవేలు నొక్కి కారు వైపు పరిగెత్తింది. "తొంభై సెకన్లు! ఆపడానికి వీల్లేదు! దేవుడెవరైనా ఉంటే తలుచుకో!"

జిప్ తెరుచుకుంది. ఒక్క గుండు. కారు టైరు కూలబడింది. చెక్కేవాళ్లు ఇద్దరు అడ్డుపడి తమార్ రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"అందరూ పారిపోండి!" అంది దీవెన.

తమార్‌ను లాక్కుంటూ అందరూ బయటికి పరిగెత్తారు. ఆచారి పోలేదు. బకెట్‌తో నీళ్లు తెచ్చి రాయి మీద గుమ్మరించాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"రాయి తడిస్తే నల్లబడతాది పాపా. అతికించిన గమ్ము నల్లబడదు. చూడు!"

రాయంతా నల్లబడింది. వెనకవైపు అరచేతి మేర మాత్రం తెల్లగా మిగిలింది. రాతిపొడి, గమ్ము కలిపి మూసిన మూత. ఇంకా యాభై సెకన్లు.

ఆచారి అక్కడ ఉలి పెట్టాడు.

"గట్టిగా కొడితే మనమే పోతాం," అంది దీవెన.

"మెల్లిగా కొట్టేదే మా విద్య."

టక్. టక్. టక్. మూత పగిలి ఊడిపడింది. లోపల పసుపు పదార్థం, వైర్లు, ఎర్ర అంకెలు. తొమ్మిది. ఎనిమిది. దీవెన మోచేతి దాకా చేయి దూర్చింది. వేళ్లకు బ్యాటరీ తగిలింది. నాలుగు. మూడు. లాగింది.

ఒకటి మీద అంకె ఆరిపోయింది.

బేడీలు పడ్డాక కూడా తమార్ తగ్గలేదు. "ఇంకో ఊళ్లో చెక్కిస్తారు. కొనేవాళ్లు ఎప్పుడూ క్యూలో ఉంటారు, రెండు వైపులా."

ఆచారి ఆమె కాళ్ల ముందు రాతిపొడి ఉమ్మేశాడు. దీవెన బకెట్‌లో మిగిలిన నీళ్లతో చేయి మూడుసార్లు కడుక్కుంది. జిడ్డు పోలేదు.

వారం తర్వాత, సంజీవయ్య సమాధి రాయి తీసుకోవడానికి వెళ్లినప్పుడు, ఆచారి ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేశాడు. అల్లుడి గొంతు.

"మామా, ఈడ ఎవరో రాళ్ల గురించి రిపోర్టు ఇచ్చినారంట. చెకింగ్ అని సైటంతా మూసేసినారు. మూడు నెలల దాకా పనిల్యా, దుడ్లు ల్యా, రూములో కూర్చోమన్నారు. టవరు పైకి లేస్తాంది, బతుకు నిలబడతాంది అనుకుంటే ఇదా? ఆ రిపోర్టు ఇచ్చిన మహాతల్లి యాడుందో గానీ, నా చేతికి దొరకాల మామా!"

ఆచారి ఫోన్ అరచేత్తో మూసి బిక్కముఖంతో దీవెన వైపు చూశాడు.

"ట్రాన్స్‌ఫర్ అయిపోయిందని చెప్పప్పా," అంది దీవెన.